నలభై దాటాక తలుపు తట్టిన తోడు

"ఈ వయసులో నీకు పెళ్లేమిటే? పిల్లలకు సంబంధాలు చూడాల్సినదానివి! నలుగురూ నవ్విపోరూ?"

నలభై దాటిన ఒంటరి ఆడది మళ్లీ తోడు గురించి నోరు తెరిస్తే మొట్టమొదట వినబడే మాట ఇదే. చిత్రమేమిటంటే ఇది బయటివాళ్ల కన్నా ఇంట్లోవాళ్ల నోటే ముందుగా వస్తుంది. అదే మగవాడు భార్య పోయిన ఏడాది తిరక్కుండా పీటల మీద కూర్చుంటే "పాపం, వేళకింత వండిపెట్టే దిక్కుండాలి కదా" అని సర్దుకుపోతారు.

ఇక జబ్బు కూడా తోడైతే చెప్పనే అక్కర్లేదు. పెద్ద ఆపరేషన్ అయి మంచం మీద ఉన్న రోజుల్లోనే కట్టుకున్నవాడు మరో గుమ్మం చూసుకున్నాడని తెలిసి కుప్పకూలిన స్త్రీలున్నారు. ఒంటి మీద కుట్లు నెలకో రెండు నెలలకో మానిపోతాయి. మనసు మాత్రం ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది: "ఇక నన్నెవరు కోరుకుంటారు?"

ఈ ప్రశ్నతో కుమిలిపోయేవారు ఒక్కసారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం వైపు చూడాలి. ఆవిడ మన రాజమండ్రి ఆడపడుచు. ఆవిడను భర్త మోసం చేయలేదు, నిజమే. కానీ నిలవని పెళ్లి, దెబ్బతిన్న ఆరోగ్యం, ఎన్నికల్లో ఓటమి, ఇవన్నీ చూశాక 43వ ఏట ఆవిడ మనసిచ్చి పెళ్లి చేసుకున్నారు.

వద్దన్న పెళ్లి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే బంధువుల అబ్బాయికిచ్చి పెళ్లి చేసేశారు. ఈడేరాక కాపురానికి పంపే వేళ వచ్చేసరికి ఆ పిల్ల "నేను వెళ్లను, చదువుకుంటాను" అంది. ఆ రోజుల్లో ఆ మాట అనడమే ఒక ఎత్తయితే, తండ్రీ తమ్ముడూ ఆమె పక్షాన నిలవడం మరో ఎత్తు. ఆ తర్వాత ఆయన వేరే పెళ్లి చేసుకున్నారు. ఆయన కన్నుమూశాక ఆ భార్య దిక్కులేనిదైతే, చదువూ పనీ నేర్పించి నిలబెట్టింది దుర్గాబాయే! సవతి అన్న మాటకు మనకు తెలిసిన అర్థాన్నే మార్చేశారావిడ.

జైలు ఇచ్చిన జబ్బు

ఉప్పు సత్యాగ్రహంతో మొదలై 1930–33 మధ్య మూడుసార్లు జైలుకెళ్లారు. మదురై జైల్లో ఆవిడను ఒంటరి గదిలో పెట్టారు. చుట్టుపక్కల హత్యానేరాలకు శిక్షపడినవాళ్లు. బయటికొచ్చేసరికి ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఇరవై నాలుగేళ్ల వయసు. భర్త లేడు, ఒంట్లో ఓపిక లేదు, చేతిలో డిగ్రీ లేదు.

అప్పుడావిడ ఏం చేశారు? పుస్తకం పట్టుకున్నారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి బి.ఎ., ఎం.ఎ., 1942లో మద్రాసులో లా డిగ్రీ. మధ్యలో 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. ఒకరి భార్యగా కాక, దుర్గాబాయిగానే ఎదిగారు.

అనుకోని మలుపు

1952 ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయారు. ఆ ఏడాదే ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. అక్కడే ఉన్నారు ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు. బడ్జెట్ లెక్కలు చూసే ఆ మనిషి సంస్కృత పండితుడు కూడా, కాళిదాసు మేఘదూతాన్ని మరాఠీలోకి అనువదించారు. ఇంగ్లాండుకు చెందిన ఆయన మొదటి భార్య రోజీనా 1949లో కన్నుమూశారు. ఒక కూతురుంది. భాష వేరు, ప్రాంతం వేరు, బతికిన తీరు వేరు. అయినా కలిసి చేసిన పని ఇద్దరినీ దగ్గర చేసింది.

1953 జనవరి 22న పెళ్లి. ఆయనకు 57 ఏళ్లు, ఆవిడకు 43. సాక్షుల్లో ఒకరు ప్రధాని నెహ్రూ. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది ఈ దుర్గాబాయే! ముప్పై ఏళ్ల తర్వాత ఆయన ఆవిడ పెళ్లికి సాక్షి అయ్యారు.

పెళ్లయ్యాక ఇల్లే లోకమని కూర్చోలేదు. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. మధ్యలో చదువు మానేసిన ఆడవాళ్ల కోసం ఆ మండలి 1958 నుంచి క్లుప్త కోర్సులు పెట్టింది. కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులుండాలని 1953లో చైనా వెళ్లి వచ్చాక గట్టిగా చెప్పింది కూడా ఆవిడే. ఆ చట్టం 1984లో వచ్చింది. ఇవాళ మోసపోయిన ఇల్లాలు ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కుతోందంటే అందులో రాజమండ్రి ఆడపడుచు మాట కూడా ఉంది.

1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ వచ్చింది. ఆవిడ రాసిన ఆత్మకథ పేరు 'చింతామణ్ అండ్ ఐ'. ఇరవై ఎనిమిదేళ్లు కలిసి బతికారు. ఆవిడ 1981 మే 9న వెళ్లిపోతే, మరుసటి ఏడాది అక్టోబరు 2న ఆయనా వెళ్లిపోయారు.

ఆసరా వేరు, తోడు వేరు

మారుమనువు రాజమండ్రికి కొత్త కాదు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించింది ఇక్కడే. గోగులపాటి శ్రీరాములు వరుడు, బాల వితంతువు గౌరమ్మ వధువు. ఊరు వెలివేసి, వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రావడం మానేస్తే, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తనే నీళ్లు మోసుకొచ్చి వండి వడ్డించారు. ఆ చలవ మనం మరువరానిది.

అయితే ఆ పసిపిల్లలకు పెళ్లి ఒక ఆసరా. అది లేకపోతే గుండు, చీకటి గది. దుర్గాబాయికి పెళ్లి ఆసరా కాదు. అప్పటికే తన కాళ్ల మీద తాను నిలబడిన మనిషి. పెళ్లి లేకపోయినా ఆవిడ బతుకు ఆగేది కాదు. కాబట్టే అది తోడు అయింది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే చాలా చిక్కులు వీడిపోతాయి.

జబ్బుపడి లేచిన వెంటనే, మోసపోయిన గాయం పచ్చిగా ఉండగానే ఎవరైనా జాలిగా రెండు మాటలాడితే అదే ప్రేమ అనిపిస్తుంది. కొంచెం ఆగండి. ముందు ఒళ్లు కుదుటపడనివ్వండి. చిన్నదో పెద్దదో ఒక పని, మీ పేరున ఒక బ్యాంకు పాసుపుస్తకం ఉండనివ్వండి. ఆ తర్వాత కూడా ఆ మనిషి మాట మీకు హాయిగా ఉంటే అప్పుడు ఆలోచించండి.

ఆపరేషన్ సంగతి, వాడుతున్న మందులు, డాక్టరు చెప్పిన జాగ్రత్తలు ఏదీ దాచకండి. విని వెనక్కి తగ్గేవాడు ముందే తగ్గితే మీకే మంచిది. విన్నాక "మళ్లీ చెకప్ ఎప్పుడు? నేనూ వస్తాను" అన్నాడనుకోండి, వంద ప్రేమలేఖల పెట్టు! పిల్లలకు మాత్రం ఆ కబురు ఊళ్లోవాళ్ల ద్వారా కాక మీ నోటితోనే చేరాలి. "మీ నాన్న స్థానంలోకి కాదురా, నా పక్కన" అని చెప్పండి. మొదట్లో అలుగుతారు. అమ్మ ముఖంలో వెలుగు చూశాక వాళ్లే మెత్తబడవచ్చు.

మళ్లీ పెళ్లే చేసుకోవాలన్న రూలేమీ లేదు. ఒంటరిగా హాయిగా ఉన్నవాళ్లను ఎవరూ తొందరపెట్టకూడదు. తోడు కోరుకునేవాళ్ల కోసం పుట్టిన సంస్థలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో 2010లో మొదలైన 'తోడు నీడ' అలాంటిదే.

అడుగు వేసేముందు ఇవి చూసుకోండి

* భర్త వదిలేసి వేరొకరితో ఉంటున్నా సరే, విడాకుల డిక్రీ లేకుండా మళ్లీ పెళ్లి చెల్లదు, పైగా నేరం. డిక్రీ వచ్చాక అప్పీలు గడువు ముగిశాకే ముహూర్తం పెట్టుకోవాలి.

* హిందూ వివాహ చట్టం కింద పరాయి స్త్రీతో సంబంధం, క్రూరత్వం, రెండేళ్లుగా వదిలేసి ఉండటం విడాకులకు కారణాలు. భార్యకు క్యాన్సర్ వచ్చిందన్నది కారణం కాదు. కుష్ఠు వ్యాధిని కూడా 2019లో ఆ జాబితా నుంచి తీసేశారు.

* మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త ఇచ్చే భరణం ఆగిపోవచ్చు. కుటుంబ పింఛను తీసుకునే వితంతువులు ఆ నిబంధనలు ముందే ఆఫీసులో కనుక్కోవాలి.

* 1856 నాటి చట్టం ప్రకారం మారుమనువు చేసుకున్న వితంతువు మొదటి భర్త ఆస్తి వదులుకోవాల్సి వచ్చేది. 1956 వారసత్వ చట్టం వచ్చాక ఆమె పేరుకు వచ్చిన ఆస్తి పూర్తిగా ఆమెదే. పిల్లలకు ఏది చెందాలో పెళ్లికి ముందే వీలునామా రాసిపెడితే తర్వాత మాటలు రావు.

* గుళ్లో దండలు మార్చుకున్నా రిజిస్ట్రేషన్ మాత్రం మరవకండి.

"ఇక నన్నెవరు కోరుకుంటారు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టాం. ఆ ప్రశ్నను ఒక్కసారి తిప్పి వేసుకుని చూడండి: "నాకేం కావాలి?" దుర్గాబాయి పద్నాలుగో పదిహేనో ఏట వేసుకున్న ప్రశ్న అదే. నలభై మూడో ఏట వేసుకున్నదీ అదే. మొదటిసారి వద్దని జవాబొచ్చింది, రెండోసారి సరేనని వచ్చింది. రెండుసార్లూ జవాబు చెప్పింది ఆవిడే.