ఒకే జన్మదినముగల బంధువులు

మా పాఠశాలయందు ఎనిమిదవ తరగతి విద్యార్థులచేత ఏటేట వంశవృక్షమును వ్రాయించుట వాడుక. తాత, అవ్వ మొదలుకొని తమవరకుగల బంధువుల పేర్లను, జన్మదినములను ఇంటిపెద్దల నడిగి వారు వ్రాసికొని వత్తురు. ఈ యేడు కొండగట్టు సమీపగ్రామమునుండి వచ్చు నొక బాలిక తన పటమును మా చేతికిచ్చి, "సారూ, మా తాతది, పెదనాయినది, నాది ఒక్కటే తారీఖు. ఇట్లెట్లయితది?" అని యడిగినది. చూడగా మువ్వురకును జూన్ 1వ తేదియే వ్రాయబడియుండెను. ఆ ప్రశ్నకు మేము తెలిసికొన్న సమాధానమును చదువరుల కిందు మనవి చేయుచున్నాము.

మొదట గణితము చెప్పునది వినుడు. సంవత్సరమునకు 365 దినములు. ఇద్దరు మనుష్యులకు ఒకే జన్మదినము కలుగుట 365లో ఒక పాలు మాత్రమే. కాని మనుష్యులు పెరిగినకొలది జతలు మిక్కిలి త్వరగా పెరుగును. 23 మంది యున్నచోట 253 జతలేర్పడును. వీరిలో ఏ యిద్దరకును దినము కలియకుండవలెనన్న, రెండవవానికి 364 దినములు, మూడవవానికి 363, ఇట్లు తగ్గుచు పోవును. ఈ భిన్నముల నన్నిటిని గుణించి చూచినచో, ఏదో యొక జత కలియుటకు 1000లో 507 పాళ్లవకాశము కలదని తేలును. అనగా సగముకంటె నెక్కువ. ఆ బాలిక పటమున 27 మంది గలరు. అట్టి కుటుంబమున ఎవరో యిద్దరకు జన్మదినము కలియుటకు 100లో 62 పాళ్లకు మించిన అవకాశ మున్నది. కాబట్టి ఇద్దరు కలిసినంతమాత్రమున ఆశ్చర్యపడ నక్కరలేదు.

అయితే "నా దినముతోనే మరియొకరిది కలియవలెను" అన్నచో లెక్క మారును. తక్కిన 26 మందిలో ఒకరిదైనను ఆ బాలిక దినముతో కలియుటకు 100లో సుమారు 7 పాళ్లే. 27 మందిలో ఎవరో మువ్వురు ఒకే దినమున జన్మించియుండుట 100లో 2 పాళ్లంతటిది. ఇట్టిది జరుగరాదని కాదు. కాని అరుదైన దానిని చూచినప్పుడు కారణమును వెదకుట బుద్ధిమంతుల లక్షణము.

కారణమును వెదకుటకు మన పెద్దలు దినములను జ్ఞాపకముంచుకొను విధమును తెలియవలెను. వారు తేదిని గాక పండుగను, పంటను జ్ఞాపకముంచుకొందురు. కొండగట్టున చైత్ర పూర్ణిమనాడు చిన్న జయంతియు, వైశాఖ బహుళ దశమినాడు పెద్ద జయంతియు జరుగును. "వీడు చిన్న జయంతినాడు పుట్టినాడు" అని చెప్పు తల్లులు పెక్కుమంది. అది నమ్మదగిన మాటయే. కాని చాంద్రమాన సంవత్సరము దాదాపు 354 దినములు గలది. అధికమాసముచేత అది సూర్యుని లెక్కకు సరిచేయబడును. అందుచేత ఒకే తిథి ఏటేట వేరు తేదిని వచ్చును. ఆ పూర్ణిమోత్సవము 2023లో ఏప్రిల్ 6న, 2024లో ఏప్రిల్ 23న, 2025లో ఏప్రిల్ 12న వచ్చెను. ఆ మూడేండ్లలో ఒకే తిథిని పుట్టిన పిల్లలు ముగ్గురకు మూడు తేదులు! ఇంచుమించుగా 19 సంవత్సరముల కొకసారి తిథియు తేదియు మరల దగ్గరపడును.

ఇంకొక చిక్కు గలదు. నైజాము ప్రభుత్వకాలపు కాగితములందు ఫసలీ సంవత్సరములు, ఆజూరు, దై, బహమన్ మొదలగు మాసములు కానవచ్చును. 1356 ఫసలీ 1946 అక్టోబరున ఆరంభమైనది. ఆజూరు మొదటి మాసమే కదా యని దానిని జనవరిగా తలచినచో తేది పూర్తిగా తప్పిపోవును. మన సంఘములవారికి మరియొక జాగ్రత్త అవసరము. బాప్తిస్మపు పుస్తకమందలి తేది బాప్తిస్మపు తేదియే గాని జన్మదినము కాదు. ఒక కుటుంబమంతయు ఒకేనాడు బాప్తిస్మము పొందియుండవచ్చును. ఆ తేదినే జన్మదినముగా ఎత్తి వ్రాసినచో ఇంటిల్లిపాదియు ఒకేనాడు పుట్టినట్లగును.

ఇక జూన్ 1 సంగతి. దీనిని చెప్పుటకు ఉపాధ్యాయులమైన మాకు సిగ్గగుచున్నది. బడులు జూన్ మాసమున తెరువబడును. జనన పత్రము లేని పిల్లవానికి ఐదేండ్లు నిండినట్లు చూపుటకై, బడిలో చేర్చుకొను ఉపాధ్యాయుడు వెనుకకు ఐదేండ్లు లెక్కించి సులభమైన తేదిని వేసెడివాడు. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున మేమును అట్లే చేసితిమి. ఒక తల్లి తన కుమారుల నిద్దరను ఒకేనాడు తీసికొనివచ్చి, "పెద్దోడు పెసర్లేరంగ పుట్టిండు సారూ, చిన్నోడు ఆ మరుసటేడు బతుకమ్మకు పుట్టిండు" అని చెప్పినది. మేము తొందరపాటున పెద్దవానికి జనవరి 1, చిన్నవానికి జూన్ 1 అని ఒకే సంవత్సరమును వేసితిమి. పదునాలుగేండ్లు గడచిన పిమ్మట పెద్దవాడు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టగా, ఐదు మాసముల యెడముతో అన్నదమ్ములెట్లు పుట్టిరని అధికారులు ప్రశ్నించిరి. ఆ తల్లి తానేదో అబద్ధమాడినట్లు తల వంచుకొని నిలువవలసివచ్చెను. ఆమె మాటయందు దోషము లేదు. దోషము మా కలమునందున్నది.

జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. శిశువు పుట్టిన 21 దినములలోగా జననమును తెలుపవలెను. పేరు అప్పటికి పెట్టకున్నను నమోదునకు అడ్డము లేదు, పిమ్మట చేర్పించుకొనవచ్చును. 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ననుసరించి, ఆనాటినుండి పుట్టినవారికి బడి ప్రవేశము మొదలగు పనులకు జననతేదికి ఆ పత్రమే ఆధారము. కావున తలిదండ్రులు దీనిని ఉపేక్షింపరాదు.

విద్యార్థులారా, వంశవృక్షమును వ్రాయునప్పుడు ప్రతి పేరు క్రింద మూడు సంగతులు వ్రాయుడు: కాగితమందలి తేది, పెద్దలు చెప్పిన పండుగ లేక పంట, ఆ మాట చెప్పినవారెవరు అనునది. రెండును కలియకున్న ఒకదానిని కొట్టివేయక రెండును ఉంచుడు. మత్తయి సువార్త మొదటి అధ్యాయమున మూడు పదునాలుగుల తరములు లెక్కింపబడినవి. అందు జన్మదినమొక్కటియు లేదు. తెలియని తేదిని వ్రాయకుండుట లోపము కాదు; తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయుటయే లోపము.

ఆ బాలిక మరల ఇంటికి పోయి విచారించినది. ఆమె జనన పత్రమున జూన్ 1 అనియే యున్నది. అది నిజమైన తేది. పెదనాయిన పుట్టినది బతుకమ్మ దినములలో. తాత పుట్టినది సంక్రాంతి దగ్గర అని తాతగారి అక్క చెప్పినదట. ఇప్పుడా పటమున తాత పేరు క్రింద ఇట్లున్నది: "బడి తేది జూన్ 1. సంక్రాంతికి ముందు పుట్టినాడు. చెప్పినది పెద్దవ్వ." ఆ పటమునకు మేము పూర్తి మార్కులు వేసితిమి.