అక్షరము వచ్చిన పిమ్మట

వయోజనవిద్య యనగా సంతకము నేర్పుటయని మనలో పలువురు తలంచుచున్నారు. వ్రేలిముద్ర వేయువాడు పేరు వ్రాయగలిగినంతనే కార్యము ముగిసినదని తృప్తినొందుచున్నారు. తాను సంతకము చేయు ప్రోనోటులో నేమున్నదో చదువలేనివానికి ఆ సంతకము వలన గలుగు రక్షణ యేమి?

విద్య ప్రజలను నిజముగా జేరినపుడు ఏమి జరుగునో నెల్లూరు జిల్లా చూపినది. జాతీయ అక్షరాస్యతా మిషను 1988లో ఆరంభమైనది. 1991 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశమున స్త్రీలలో చదువ నేర్చినవారు నూటికి 33 మంది మాత్రమే. ఆ దినములలో నెల్లూరున 'అక్షరదీపము' పేర రాత్రిబడులు వెలసెను. పగలు కూలికి బోయి, రాత్రి పలక పట్టిన స్త్రీలు తమ వాచకములో సీతమ్మ కథను జదివిరి. సారా వలన సంసారములు చెడుటయు, స్త్రీలు కూడి దానిని ఎదుర్కొనుటయు అందలి విషయము. ఆ కథ తమదేయని వారు గుర్తించిరి. 1992లో దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ జ్వాల జిల్లాలు దాటెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ శాసనము సడలిపోయినను, స్త్రీలు నేర్చిన ధైర్యము సడలలేదు. వారు పొదుపు సంఘములుగా గూడి రూపాయి రూపాయి నిలువజేసుకొనిరి.

ఇంతటి శక్తి అక్షరమాలకు ఎట్లబ్బెను? పాఠము వారి బ్రతుకును జెప్పినది. ప్రతిరాత్రియు పదిమంది ఒకచోట గూర్చుండి దానిని జర్చించిరి. ఈ రెండును లేని బడి పలకతోనే ముగియును. నేర్చిన అక్షరములు కూడ చదువునది లేక కొలది కాలమునకే మఱపునకు వచ్చును.

మన పెద్దలు దీనిని ముందే యెఱుగుదురు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు గ్రంథాలయోద్యమమునకే జీవితమును ధారవోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు ప్రాంతపు కాలువపై పడవలో గ్రంథములను గ్రామములకు బంపిరి. చదువరి రాలేనిచోటికి పుస్తకమే పోవలెనని వారి నిశ్చయము.

ఇపుడు మన వంతు. భూస్వాములారా! మీ యింటి అరుగును సాయంకాలము రెండుగంటలు విడువుడు. ఒక దినపత్రికను తెప్పించి యుంచుడు. చదివిన కూలివాడు లెక్క యడుగునను భయమేల? న్యాయముగ లెక్క జెప్పువానికి ఆ ప్రశ్న గౌరవమే. పట్టణవాసులారా! మీ బిడ్డలను సెలవులలో గ్రామములకు బంపి, పట్టాదారు పాసుపుస్తకమును, బ్యాంకు అప్పు షరతులను, మందుసీసాపై వ్రాతను చదివి చెప్పింపుడు. పిదప వారిచేతనే చదివింపుడు.

అక్షరము నేర్పి విడిచిపెట్టుట విత్తు చల్లి నీరు గట్టకుండుట వంటిది. సేద్యమెఱిగిన దేశమునకు ఇంతకంటె చెప్పనేల?