లారీ వెనుక ఎనిమిదో అంకె

హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులో వెళ్ళేవారికి కాలక్షేపానికి కొదవ ఉండదు. ఒక పక్క శూలగిరి కొండలు, మరో పక్క మామిడి తోపులు, దారి పొడుగునా లెక్కలేనన్ని లారీలు. లారీల వెనుక రాసిన మాటలు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. కొన్ని లారీల మీద మాత్రం మూల మీద నిలబెట్టిన చదరం, అందులో ఒక బొమ్మ, కింద ఒక అంకె ఉంటాయి. చాలాకాలం నేను వాటిని పట్టించుకోలేదు. ఆ అంకె విలువ మా అక్క కొడుకు వల్ల తెలిసింది.

వాడు లారీ డ్రైవరు. మా పల్లెలోని తెలుగు బడిలో చదువుకున్నాడు. తమిళం, కన్నడం గడగడా మాట్లాడతాడు గాని చదవడం వచ్చింది తెలుగే. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి వాడి నుంచి ఫోను వచ్చింది.

"మామా, శూలగిరి దాటినాక బండి పక్కకు ఆపినాను. లోడులోంచి ఏదో కారతా ఉంది. క్లీనరు పిల్లోడు చేత్తో తుడిచి, అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. మంట అని ఏడుస్తా ఉన్నాడు. కాగితమొకటి ఇచ్చినారు గాని అంతా ఇంగ్లీషు. ఫోటో పంపితే చదివి చెప్తావా?"

లోడు ఇన్వర్టరు బ్యాటరీలు. ఒక గోదాములో తొందర తొందరగా ఎక్కించారట. నిలువుగా ఉండవలసిన పెట్టె ఒకటి పక్కకు ఒరిగింది. నేను కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పాను. "ముందు కంట్లో నీళ్ళు పొయ్యి. రెప్పలు తెరిచి పట్టుకుని పావుగంట తగ్గకుండా పొయ్యాలి. ఇంజను ఆపు. దగ్గర్లో ఎవరినీ బీడీ ముట్టించనీయకు. కారిన దాన్ని చేత్తో తాకకు, పొడి మట్టి పోసి కప్పు. పక్కన రాగిచేనులోకి పారకుండా కట్ట వెయ్యి." తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్ళన్నీ ఆ పిల్లవాడి కంటికే ఖర్చయ్యాయి. తర్వాత ఆసుపత్రికి తీసుకెళితే, వెంటనే కడగడం వల్లనే చూపు దక్కిందన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఫోను ఎత్తకపోయి ఉంటే? మర్నాటి నుంచి ఈ సంగతి గురించి దొరికినదల్లా చదివాను.

మనం 'బ్యాటరీ నీళ్ళు' అంటాం గాని అవి నీళ్ళు కావు. నిండా ఛార్జి ఉన్న సీసపు బ్యాటరీలో మూడోవంతుకు పైగా గంధకామ్లమే. అందుకే ఐక్యరాజ్యసమితి వర్గీకరణలో దీన్ని 8వ తరగతిలో, అంటే తాకినదాన్ని తినివేసే సరుకుల్లో చేర్చారు. ఆసిడ్ నింపిన బ్యాటరీ సంఖ్య 2794. లారీ మీది అంకెకు అర్థం అదే.

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 129 నుంచి 137 వరకు ప్రమాదకర సరుకుల రవాణా గురించే. సరుకు పంపేవాడు దాని వల్ల కలిగే ముప్పును లారీ యజమానికి పూర్తిగా తెలపాలి. డ్రైవరుకు ఆ సంగతులు అర్థమయ్యేలా శిక్షణ ఇప్పించడం యజమాని బాధ్యత. 'ట్రెమ్ కార్డు' అనే అత్యవసర సూచనల కాగితం క్యాబిన్లో ఉండాలి. సరుకు పేరు, తరగతి అంకె, ప్రమాదం జరిగితే పిలవవలసిన ఫోను నంబర్లు బండి మీద దూరానికి కనబడేలా రాయాలి. ప్రమాదం జరిగితే డ్రైవరు వెంటనే దగ్గరి పోలీసు స్టేషనుకు తెలపాలి. ఇటువంటి సరుకు తోలే డ్రైవరుకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలని 9వ నిబంధన చెబుతుంది. మూడు రోజుల ప్రత్యేక శిక్షణ కూడా తప్పనిసరి.

ఆ లెక్కన మావాడు ఆ లోడు ఎక్కించుకోనే కూడదు. వాడిని అడిగినవారూ లేరు, వాడికి చెప్పినవారూ లేరు. తప్పు వాడిది కూడా కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. "బాడుగ వద్దంటే వాయిదా ఎవరు కడతారు మామా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మన ప్రాంతంలో ఈ సంగతి మరీ ముఖ్యం. హోసూరులో టీవీఎస్, ఏథర్, పోచంపల్లి దగ్గర ఓలా విద్యుత్ స్కూటర్లు తయారు చేస్తున్నాయి. వాటిలో ఉండేవి లిథియం బ్యాటరీలు, 9వ తరగతి. వీటిలో కారే గంధకామ్లం ఉండదు గాని, దెబ్బ తిన్నా లోపల షార్టు అయినా ఒక సెల్లు వేడి పక్క సెల్లుకు పాకుతుంది. ఆరిందనుకున్న మంట కొన్ని గంటల తర్వాత మళ్ళీ లేవవచ్చు. 2022 ఏప్రిల్లో నాసిక్ దగ్గర లారీలో తీసుకెళుతున్న విద్యుత్ స్కూటర్లు అలాగే కాలిపోయాయి. ఆర్పడానికి వచ్చినవారికి లోపల ఏముందో ముందే తెలియాలి. ఆ చదరం, ఆ అంకె ఉన్నది అందుకే.

ఇది లారీల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీని ఆటోలో తీసుకెళ్ళేటప్పుడు నిలువుగానే పెట్టండి. పైనున్న రెండు మొనలకూ తొడుగులు వేయండి. వాటి మీద ఇనుప సామాను పడితే నిప్పురవ్వలు లేస్తాయి. పాతదాన్ని పగలగొట్టి సీసం తీసేవారికి అమ్మకండి. ఆ సీసం పిల్లల మెదడుకు చేటు. కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చివేయండి.

మావాడు తర్వాత శిక్షణకు వెళ్ళాడు. మా కోడలు రోజూ రాత్రి పూట వాడికి ఇంగ్లీషు అక్షరాలు దిద్దిస్తున్నది. అంతవరకు ఆగలేక, ఆ కార్డులోని సూచనలన్నీ నేను పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఇచ్చాను. క్యాబిన్లో దేవుడి పటం కింద అతికించుకున్నాడు. మన సంఘం సభ్యుల ఇళ్ళలో లారీ తోలేవారు ఉంటే చెప్పండి, వారికీ ఒక ప్రతి రాసి ఇస్తాను.