ఎండలో స్క్రీన్ కనపడకపోతే పంట వీడియో తప్పుతుంది: చిన్న కెమెరాకి బయటి మానిటర్ ఎలా ఎంచుకోవాలి?

ఈసారి విత్తనం గురించి కాదు, కషాయం గురించి కాదు, కెమెరా గురించి మాట్లాడుకుందాం. ఎందుకో ముందు చెప్తాను.

చేవెళ్ల దగ్గర ఒక మిరప తోటలో నల్ల తామర పురుగు మీద వీడియో తీద్దామని వెళ్లాం. 2021లో మన రెండు రాష్ట్రాల మిరప రైతుల్ని ఏడిపించిన పురుగు అది. పువ్వులోనే దాక్కుంటుంది, పొడవు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. పువ్వుల్ని తెల్ల కాగితం మీద దులిపి, పురుగులు పాకడం దగ్గరగా తీశాం. మధ్యాహ్నం పన్నెండున్నర, నెత్తిన ఎండ. కెమెరా వెనక స్క్రీన్‌లో మా మొహాలే కనపడుతున్నాయి. సరే, బాగానే వచ్చుంటుందిలే అనుకున్నాం.

రాత్రి గచ్చిబౌలి వచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే కాగితం మొత్తం తెల్లగా కాలిపోయింది. ఫోకస్ పురుగు మీద లేదు, వెనకాల ఆకు మీద ఉంది. మళ్లీ శనివారం వెళ్లేసరికి రైతు అగ్నిఅస్త్రం కొట్టేశాడు, పూత కూడా రాలింది. ఆ దశ మళ్లీ చూపించాలంటే వచ్చే పంటే. మాదాపూర్, నానక్‌రాంగూడ ఆఫీసుల్లో వారమంతా పనిచేసి, శనివారం శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు వెళ్లి వీడియోలు తీసే వాళ్లందరికీ ఇదే ఇబ్బంది. తప్పు పొలంలోనే తెలియాలి, ఇంటికొచ్చాక తెలిస్తే లాభం లేదు.

ఎండలో స్క్రీన్ ఎందుకు చాలదు?

ఆఫీసులో మన టేబుల్ మీద పడే వెలుగు 300 నుంచి 500 లక్స్. మిట్ట మధ్యాహ్నం పొలంలో లక్ష లక్స్ దాకా ఉంటుంది. అంటే సుమారు 200 రెట్లు. స్క్రీన్ ఇచ్చే వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. మామూలు ల్యాప్‌టాప్ 250 నుంచి 400 నిట్స్ ఇస్తుంది, ఆఫీసులో అది బ్రహ్మాండం, గట్టు మీద నల్ల పలక.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. స్క్రీన్ చీకటిగా కనపడుతుంటే చీకటిగా ఉంది వీడియోనే అనుకుని మనం వెలుగు పెంచేస్తాం. అప్పుడు ముదురు ఆకుపచ్చ ఆకు కాస్తా లేత పసుపు తిరిగినట్టు వస్తుంది. చూసే రైతు దాన్ని నత్రజని లోపం అనుకోవచ్చు, బెండలో అయితే పల్లాకు తెగులు మొదలైందేమో అని భయపడొచ్చు. మనం చూపించే రంగుని బట్టే అవతల ఒకాయన తన పొలంలో నిర్ణయం తీసుకుంటాడు. వంట వీడియోలో రంగు కాస్త మారినా నష్టం లేదు, పంట వీడియోలో ఉంది.

కొనేముందు ఖర్చు లేని పనులు

ఒకటి, కెమెరా మెనూలో స్క్రీన్ వెలుగు చూడండి. సోనీ కెమెరాల్లో 'సన్నీ వెదర్' అని ఉంటుంది, అది పెట్టండి. రెండు, జీబ్రా ఆన్ చేయండి. ఎక్కడ వెలుగు మితిమీరిందో అక్కడ చారలు వస్తాయి. 100 దగ్గర పెట్టుకుంటే రైతు తెల్ల చొక్కా కాలిపోతుందో లేదో స్క్రీన్ మసకగా ఉన్నా తెలుస్తుంది. మూడు, ఫోకస్ పీకింగ్ ఆన్ చేయండి, ఫోకస్ ఉన్న అంచులకి రంగు గీత వస్తుంది. నాలుగు, నల్ల అట్టముక్క మడిచి స్క్రీన్ చుట్టూ గొడుగులా కట్టండి.

కెమెరా కంపెనీ యాప్ వేసుకుని ఫోన్‌నే మానిటర్‌లా వాడొచ్చు. ఈమధ్య ఫోన్లు ఎండలో 1000 నిట్స్ పైనే ఇస్తున్నాయి. కాకపోతే వైఫై మీద బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. కెమెరా స్టాండు మీద పెట్టి జీవామృతం కలిపే వీడియోకి సరిపోతుంది, పురుగు వెంట కెమెరా తిప్పడానికి సరిపోదు.

ఇవన్నీ చేసినా కుదరట్లేదు అంటే అప్పుడు మానిటర్ కొనండి.

మొదట మీ కెమెరా రంధ్రం చూడండి

మానిటర్‌కి బొమ్మ వెళ్లేది హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా. చిన్న కెమెరాల్లో ఎక్కువగా మైక్రో హెచ్‌డీఎంఐ ఉంటుంది, సోనీ జెడ్‌వీ-1, కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 రెండూ అంతే. మినీ వేరు, మైక్రో వేరు, కోఠి గుజరాతీ గల్లీలో కేబుల్ అడిగేటప్పుడు కెమెరా చేతిలో పెట్టుకుని వెళ్లండి. డీజేఐ ఆస్మో పాకెట్ 3కి హెచ్‌డీఎంఐ లేనే లేదు, దానికి ఫోన్ యాప్ ఒకటే దారి. గోప్రోల్లో చాలావాటికి మీడియా మాడ్ అనే తొడుగు విడిగా కొనాలి.

మైక్రో రంధ్రం చాలా సున్నితం. కేబుల్ చెట్టుకొమ్మకి తగులుకుని లాగితే పోయేది కెమెరానే. అందుకే పొట్టి కేబుల్, దాన్ని కదలకుండా పట్టే క్లాంప్ తప్పనిసరి.

ఎన్ని నిట్స్ కావాలి?

500 నిట్స్: చెట్టు నీడ, షేడ్‌నెట్ లోపల, అదీ గొడుగు తొడుగు పెట్టుకుంటేనే.
1000 నిట్స్: ఉదయం, సాయంత్రం పొలానికి బాగుంటుంది. మధ్యాహ్నం తొడుగు ఉండాలి. అటోమోస్ షినోబీ 5.2 అంగుళాలది ఈ తరగతి.
2000 పైన: మిట్ట మధ్యాహ్నం బయలు పొలానికి. ఫీల్‌వరల్డ్ ఎల్‌యూటీ7 2200, అదే కంపెనీ 5.5 అంగుళాల ఎల్‌యూటీ5 3000 నిట్స్ అని ఇస్తారు.

పేర్లు ఉదాహరణకే చెప్పాను, ఇదే కొనండి అని కాదు. డబ్బా మీద '4కే' అని చూసి మోసపోకండి. చాలా వాటిలో దాని అర్థం 4కే సిగ్నల్ తీసుకుంటుందని మాత్రమే. 5 అంగుళాల స్క్రీన్‌కి 1920x1080 చాలు. ఆ డబ్బు వెలుగు మీద పెట్టండి.

బరువు, బ్యాటరీ, వేడి

జెడ్‌వీ-1 బరువు 294 గ్రాములు. మానిటర్, దాని బ్యాటరీ కలిపితే కెమెరా కంటే బరువైపోతుంది. పైగా జెడ్‌వీ-1కి పైన ఉన్న షూ ఒక్కటే, అందులో మైక్ పెట్టాలా మానిటర్ పెట్టాలా? జీ7ఎక్స్ మార్క్ 3కి ఆ షూ కూడా లేదు. కాబట్టి కేజ్ గానీ బ్రాకెట్ గానీ లెక్కలో వేసుకోండి. 7 అంగుళాలది స్టాండు మీదకి మంచిది, చేతిలో పట్టుకుని తిరిగేవాళ్లకి 5 అంగుళాలే నయం.

బ్యాటరీ లెక్క తేలిక. పెద్ద ఎన్‌పీ-ఎఫ్970 బ్యాటరీలో సుమారు 45 వాట్ అవర్స్ ఉంటాయి. మానిటర్ 10 వాట్లు తాగితే నాలుగు గంటలు పైన. చిన్న ఎన్‌పీ-ఎఫ్550 అయితే గంటన్నర. వెలుగు పెంచేకొద్దీ ఈ లెక్క తగ్గుతుంది. పొలంలో ప్లగ్ ఉండదు కదా, రెండు బ్యాటరీలు పెట్టుకోండి.

మన వేసవిలో 40 డిగ్రీలు మామూలే. కొన్ని మానిటర్ల మాన్యువల్‌లో 40 దాకానే అని రాసి ఉంటుంది, చదివి కొనండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య తడిపి పిండిన గుడ్డ మీద కాదు, నీడలో పెట్టండి. లోపల ఫ్యాన్ ఉన్నదైతే ఆ చప్పుడు మైక్‌లో పడుతుంది, అదీ వినండి.

షాపులో చేయాల్సిన పరీక్ష

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా ఇంకెక్కడ కొన్నా, మీ కెమెరా తీసుకుని మధ్యాహ్నమే వెళ్లండి. ట్యూబులైటు కింద అన్ని మానిటర్లూ బాగానే ఉంటాయి. షాపు ఆయన్ని అడిగి రోడ్డు మీదకి తెచ్చి చూడండి. కేబుల్ పెట్టాక కెమెరా స్క్రీన్ ఆరిపోతోందా, రికార్డింగ్ నొక్కితే బొమ్మ ఆగుతోందా చూడండి, కొన్ని కెమెరాల్లో అలా అవుతుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటే తీసి చూడండి, వాటితో కొన్ని స్క్రీన్లు నల్లగా కనపడతాయి.

చివరిగా ఒక మాట. మానిటర్ రంగుని కూడా గుడ్డిగా నమ్మకండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా ఎండకి 5500 దగ్గర పెట్టండి, షేడ్‌నెట్ లోపల తెల్ల కాగితం చూపించి సరిచేయండి. ఆకు కోసి స్క్రీన్ పక్కన పెట్టి పోల్చండి. వరి అయితే ఆకు రంగు పట్టిక ఫ్రేములో ఒక మూల పెడితే చూసే రైతే పోల్చుకుంటాడు. పది సెకన్లు తీసి, అక్కడే పెద్దది చేసి చూసి, బాగుంటేనే మిగతాది తీయండి.

నల్ల తామర పురుగు వీడియో మేము వచ్చే పూతకి మళ్లీ తీస్తాం. ఈసారి పురుగు కనపడుతుంది.