పంటి బిగువు

తెలుగువారు ఓర్పును గూర్చి చెప్పవలసి వచ్చినపుడు పంటిని తలంతురు. బాధను పంటి బిగువున భరించెననియు, కోపము వచ్చినవాడు పండ్లు పటపట కొరికెననియు అనుట వాడుక. ఈ పలుకుబడులను కల్పించినవారు శరీరశాస్త్రము చదివినవారు కారు. అయినను మనసున పుట్టిన బిగువు దవడకు చేరునని వారు కనిపెట్టిరి. వారు చెప్పక విడిచిన ప్రశ్న ఒక్కటే: అట్లు బిగించిన దవడ ఆ బరువును ఎంతకాలము మోయగలదు?

పరీక్షలు ముగిసిన దినములలో ఒక ఉపాధ్యాయినిని ఊహింపుడు. ఎదుట జవాబుపత్రముల కట్టలు; గడువు రెండే దినములు. ఎర్రసిరా కలముతో తప్పులు దిద్దుచు ఆమె తనకు తెలియకయే క్రింది పండ్లను పై పండ్లకు అదిమిపట్టుచున్నది. రాత్రి నిద్రలోను ఆ పట్టు సడలుట లేదు. వారము గడచుసరికి చెవిలో పోటు, కణతలలో నొప్పి, ఆవులించినపుడు చెవి ముందర ‘టక్కు’మను చప్పుడు. చెవి వైద్యుడు చెవిలో దోషము లేదనును. దంతవైద్యుడు పన్ను పుచ్చలేదనును. ఇరుగుపొరుగువారు జ్ఞానదంతమును తీయించుకొమ్మని సలహా ఇత్తురు. నొప్పి నిజము, ఆ నొప్పి పుట్టిన చోటు మాత్రము ఎవరికిని దొరకకున్నది.

ఆ చోటు చెవి ముందరనే యున్నది. రెండు చెవుల ముందర చూపుడువ్రేళ్లను ఆనించి, నోరు మెల్లగా తెరచి మూసినచో వ్రేళ్ల క్రింద గుబ్బవంటిది కదలుట తెలియును. అది క్రింది దవడ ఎముక యొక్క కొన. కణత ఎముక అడుగుననున్న గుంటలో అది ఇమిడియుండును. ఈ కీలును ప్రాచీన వైద్యులు హనుసంధి యనిరి. హనువనగా దవడ. ఇంద్రుని వజ్రపు దెబ్బకు దవడ విరిగిన అంజనీపుత్రునికి హనుమంతుడను పేరు వచ్చిన కథ విద్యార్థులందరు ఎరిగినదే.

తలుపు బందు ఉన్నచోటనే తిరుగును. హనుసంధి పని అంత సులభమైనది కాదు. నోరు కొద్దిగా తెరచినపుడు గుబ్బ గుంటలోనే తిరుగును. ఇంకను తెరచినచో గుంటను విడిచి ముందునకు జారును. రెండు ఎముకల నడుమ మెత్తని బిళ్ల యొకటి ఉండి, గుబ్బతోపాటు ముందు వెనుకలకు సాగుచుండును. కుడి యెడమల రెండు కీళ్లును ఒకే ఎముకకు చేరినవగుటచే ఒకటి కదలినపుడు రెండవది కదలక తప్పదు. బిళ్ల తన చోటు తప్పినపుడు, గుబ్బ మరల దానిపైకి ఎక్కుటలో ‘టక్కు’మను చప్పుడు పుట్టును. నొప్పి లేక, నోరు బిగిసిపోక, చప్పుడు మాత్రమే ఉన్నచో సాధారణముగా చికిత్స అవసరము లేదు.

పెక్కుసార్లు బాధ కీలులో కంటె దానిని నడపు కండరములలో ఉండును. చెంపపై ఒకటి, కణతపై విసనకర్రవలె పరచుకొన్నది ఒకటి, దవడ లోపలివైపున రెండు, ఇట్లు ప్రక్కకు నాలుగేసి కండరములు నమలుటకై ఏర్పడియున్నవి. అవి అలసినపుడు నొప్పి కణతకును, చెవికిని, పండ్లకును ప్రాకును. ఆ ఉపాధ్యాయిని చెవిపోటునకు మూలమిదియే.

ఈ బాధకు కారణము వెదకుటలో వైద్యులును దారి తప్పిరి. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగర వైద్యుడు జేమ్స్ కాస్టెన్ దీనిని గూర్చి ప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించెను. ఆయన చెవి, ముక్కు, గొంతు వ్యాధులను చూచువాడు. వెనుక పండ్లు ఊడిపోవుటచే దవడ మితిమీరి మూసికొని, చెవి దగ్గరి భాగములను నొక్కుచున్నదని ఆయన భావించెను. బాధను గుర్తించుటలో ఆయన పొరపడలేదు. కారణము చెప్పుటలో పొరపడెను. తరువాతి పరిశోధనలు ఆ వాదమును నిలువనీయలేదు. అయినను దోషమంతయు పండ్ల కలయికలోనే ఉన్నదను నమ్మకము దశాబ్దులపాటు సాగెను. దాని ఫలముగా ఎందరికో మంచి పండ్లే అరగదీయబడినవి.

నేటి అవగాహన వేరు. పండ్లు బిగించు అలవాటు, దవడకు తగిలిన దెబ్బ, నిద్రలేమి, మనోవ్యాకులత, కీళ్లవాతము మొదలగునవి పలువిధములుగా కలిసి ఈ బాధను కలిగించునని వైద్యులు చెప్పుచున్నారు. ఇది పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన మార్గదర్శక సూత్రములు దీర్ఘకాలపు దవడ నొప్పికి నిపుణుల పర్యవేక్షణలో చేయు దవడ వ్యాయామములను, చేతితో కండరములను సడలించు చికిత్సను, ఆలోచనల తీరును దిద్దు మానసిక చికిత్సను గట్టిగా సమర్థించినవి. కీలులోని బిళ్లను తొలగించు శస్త్రచికిత్సను వలదన్నవి. తీసిన పన్ను తిరిగి మొలవదు. అరగదీసిన పన్ను తిరిగి పెరుగదు. కావున దవడ నొప్పికి అట్టి పనులు చేయించుకొనుటకు తొందరపడరాదు.

పై పండ్లును క్రింది పండ్లును నమలునపుడును మ్రింగునపుడును తప్ప ఒకదానినొకటి తాకవలసిన పని లేదు. దినము మొత్తము మీద ఆ తాకిడి కాలము సుమారు 20 నిమిషములని లెక్క. నోరు మూయుట యనగా పండ్లు మూయుట కాదు. ఈ భేదము తెలుగు బాలుని మొదటి పాఠముననే ఉన్నది. ‘అమ్మ’ అను మాటను మెల్లగా పలికినచో తెలియును. ‘అ’ యనునపుడు దవడ వదులై దిగును. ‘మ్మ’ యనునపుడు పెదవులు కలియును, పండ్లు కలియవు. ఆ ‘మ్’ దగ్గరనే ఆగి, పెదవులను అట్లే యుంచి, ముక్కుతో ఊపిరి విడువవలెను. అదియే దవడకు విశ్రాంతి స్థానము. నాలుక కొన ‘న’ పలుకు చోట, పై ముందుపండ్ల వెనుక, తేలికగా ఆనియుండవలెను. బడిలో గంట మ్రోగినపుడెల్ల ఉపాధ్యాయులును విద్యార్థులును ఒక్కసారి తమ పండ్లు ఎట్లున్నవో గమనించుకొన్నచో అలవాటు క్రమముగా మారును.

నొప్పి యున్న దినములలో పప్పన్నము, పెరుగన్నము, ఇడ్లీ వంటి మెత్తని ఆహారము మేలు. చెరకు, జంతికలు, వేయించిన సెనగలు కొన్నాళ్లు మానవలెను. వేడినీట పిండిన గుడ్డను చర్మము కాలకుండ చెంపలపై పది పదునైదు నిమిషములు ఉంచినచో కండరములు సడలును. ఆవులింత వచ్చినపుడు గడ్డము క్రింద పిడికిలి ఆనించినచో నోరు మితిమీరి తెరచుకొనదు. పెన్సిలు కొరుకుట, గోళ్లు కొరుకుట, అరచేతిలో గడ్డము మోపి గంటలకొలది చదువుట విద్యార్థులు విడువవలసిన అలవాట్లు. ఇట్టి చిన్న జాగ్రత్తలతోనే పెక్కుమందికి బాధ తగ్గును.

కొన్ని గుర్తులు కనబడినపుడు మాత్రము గృహవైద్యముతో కాలము గడపరాదు. నోరు తెరచుకొనక లేదా మూసుకొనక నిలిచిపోయినను, వాపు, జ్వరము, తిమ్మిరి కలిగినను, దెబ్బ తగిలిన పిదప నొప్పి వచ్చినను వెంటనే వైద్యుని చూడవలెను. ఏబది యేండ్లు దాటినవారికి క్రొత్తగా కణత నొప్పి, నమలునపుడు దవడ నొప్పి, చూపు మసకయు కలిగినచో ఆలస్యము చూపునకే ముప్పు. ఛాతీ నొప్పితోగాని, ఆయాసముతోగాని, చెమటలతోగాని వచ్చు దవడ నొప్పి గుండె జబ్బు కావచ్చును. వక్క, గుట్కా నమలువారికి నోరు క్రమముగా తెరచుకొనకపోవుట కీలు బాధ కాక వేరొక వ్యాధి కావచ్చును. దానికి పరీక్ష తప్పనిసరి.

ఓర్పు గొప్ప గుణమే. ఆ గుణమును పండ్లతో పట్టి యుంచవలసిన పని లేదు. ఆ ఉపాధ్యాయిని ఎదుట జవాబుపత్రములు నేటికిని ఉన్నవి, గడువు మారలేదు. ఎక్కడనో గంట మ్రోగును. ఆమె కలము నాపి, లోలోపల ‘అమ్మ’ యని, పెదవులు కలిపి, పండ్లను విడిచి, తరువాతి పత్రము చేతికి తీసికొనును.