పాత డీజిలు బండి కొనేముందు ఇంజనే కాదు, కాగితమూ చూడాలి

కమలాపురం: శనగలు అమ్మి చేతిలో నాలుగు రూకలు ఆడే రోజుల్లో కమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. "యాడన్నా మంచి పాత డీజిలు బండి ఉంటే చూసిపెట్టన్నా" అన్నదే ఆ మాట.

కొత్త బండికి లక్షలు పోయాలి. పాతదైతే అందులో కొద్ది భాగానికే దొరుకుతుంది. వారమంతా ఎరువులు, దాణా, నాపబండలు తోలుకోవచ్చు. వెనక ట్రాలీ తగిలిస్తే నీళ్ల ట్యాంకో, కంప్రెషరో లాక్కొస్తుంది. పండగ వస్తే వంటపాత్రలు, చాపలు వేసుకొని గండికో, బ్రహ్మంగారి మఠానికో, ఒంటిమిట్టకో పోయి రెండు రాత్రులు చెట్ల కింద గడిపి రావచ్చు. గండికోటలో పెన్నా లోయ అంచున గుడారాలు వేసుకొని ఉండే పట్నం వాళ్లను చూసి, ఇప్పుడు పల్లె యువకులకు కూడా ఆ సరదా పుట్టింది. పనికీ పండగకూ ఒకే బండి ఉంటే బాగుంటుందన్నది అందరి ఆశ.

ఆశలో తప్పు లేదు. అయితే "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత పాత బండ్ల బేరానికి సరిగ్గా సరిపోతుంది. ఇంజను చెడితే ప్రొద్దుటూరులోనో, కడపలోనో షెడ్డుకు తోలి బాగు చేయించుకోవచ్చు. కాగితం చెడితే ఏ మెకానిక్కూ బాగు చేయలేడు. ఒక్కోసారి బండితో పాటు చేనుకు కూడా ముప్పు వస్తుంది.

పాతదే ఎందుకు కావాలంటారు?

టాటా వారు 1954లో జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూరులో లారీల తయారీ మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసినా ఇంజన్ల తరహా చాలాకాలం నిలిచింది. 1986లో 407 బండి వచ్చింది. పికప్పులు, ముందు మనుషులు కూర్చునేందుకు రెండు వరుసల సీట్లు, వెనక సామాను తొట్టి ఉన్న క్యాంపర్ బండ్లు ఆ తరువాత పల్లెలకు చేరాయి. పాత తరం ఇంజన్లలో డీజిలును నాజిళ్లకు తోసేది ఇనుప పంపే గాని కంప్యూటరు కాదు. పానా పట్టిన ప్రతి మెకానిక్కుకూ వాటి నాడి తెలుసు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. వాటి పొగ తక్కువ, కాని సెన్సర్లు ఎక్కువ. దోషం ఎక్కడుందో తెలియాలంటే కంప్యూటరు తగిలించి చూడాలి. అందుకే పల్లె రైతు చూపు ఇంకా పాత బండి మీదనే ఉంది.

ఈ మోజు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో చక్రాల ఇంటిని పికప్పు వెనక తగిలించుకొని ఊళ్లు తిరిగేవారు పాత డీజిలు బండ్లకోసం వెదుకుతారు. అక్కడ 1989 మోడలు నుంచి డాడ్జ్ పికప్పుల్లో వేసిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజనుకు ఇప్పటికీ గిరాకీ ఉంది. అదే కుటుంబానికి చెందిన 5.9 లీటర్ల ఇంజన్లను 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ కంపెనీ జంషెడ్‌పూరులో తయారు చేసింది. మన రోడ్లమీద తిరిగిన టాటా లారీలు ఎన్నింటిలోనో ఉన్నది ఆ ఇంజనే.

చల్లని ఇంజనే నిజం చెబుతుంది

బేరానికి వెళ్లేవారు పొద్దున్నే వెళ్లాలి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. అప్పటికే వెచ్చగా ఉంటే అమ్మేవారు ముందుగానే స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లని ఇంజను ఒకటి రెండు తిప్పులకు అందుకుంటే మంచిది. తోయకపోతే, వాలులో పెట్టకపోతే లేవని బండిలో బ్యాటరీ అయినా పోయి ఉండాలి, కంప్రెషన్ అయినా తగ్గి ఉండాలి.

తరువాత పొగ చూడాలి. నల్లపొగ వదలకుండా వస్తే నాజిళ్లో, పంపో, గాలి ఫిల్టరో చూపించుకోవాలి. ఇది పెద్ద ఖర్చు కాకపోవచ్చు. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదని, అంటే బోరుకు వచ్చిందని అర్థం. చలిపొద్దున కొద్దిసేపు తెల్లపొగ రావడం మామూలే. ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్లు లోపలికి దిగుతున్నాయేమో అనుమానించాలి.

ఆయిలు పోసే మూత తీసి, దాన్నే తిరగేసి రంధ్రం మీద పెట్టాలి. ఇంజను నడుస్తుండగా మూత ఎగిరి పడుతుంటే, గుప్పుగుప్పున ఆవిరి తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగాయని గ్రహించాలి. ఆయిలు పుల్ల తీసి చూస్తే మజ్జిగలా తెల్లగా ఉండరాదు. చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి చూస్తే నీళ్లమీద నూనెతెట్టు ఉండరాదు. పొగను దాచడానికి చిక్కటి ఆయిలు పోసి అమ్మేవారూ ఉన్నారు. అందుచేత అరగంటసేపైనా బరువుతో తోలి చూడనిదే మాట ఇవ్వకూడదు.

కొత్తగా రంగు వేసిన బండిని మరింత జాగ్రత్తగా చూడాలి. పై పటారం, లోన లొటారం కావచ్చు. కింద పడుకొని ఛాసిస్ పొడవునా చూస్తే కమాన్ కట్టలు బిగించిన చోట పగుళ్లు, వెల్డింగు అతుకులు బయటపడతాయి. టైర్ల పక్కన నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 3519 అని ఉంటే ఆ టైరు 2019లో 35వ వారంలో తయారైందని అర్థం. గాట్లు లోతుగా కనిపించినా, ఏళ్లు గడిచిన టైరును నమ్మరాదు.

వరదలో మునిగిన బండ్లు ఇంకొక ప్రమాదం. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2021 నవంబరులో అన్నమయ్య డ్యాము తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లు మునిగాయి. అలాంటి సందర్భాల తరువాత నీళ్లలో నానిన బండ్లు కూడా తుడుచుకొని బజారుకు వస్తాయి. సీట్ల కింద ఒండ్రు, దీపాల లోపల తేమ చార, సీటు బోల్టులకు తుప్పు కనిపిస్తే వెనక్కి తిరగడమే మేలు.

లాగడం వేరు, ఆపడం వేరు

పాత డీజిలు ఇంజను బరువు లాగుతుంది, నిజమే. కాని ఎంత లాగుతుందన్నదానికన్నా ఎంతలో ఆగుతుందన్నదే ముఖ్యం. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. ట్రాలీకి వేరే బ్రేకు లేకపోతే దాని బరువంతా ముందు బండి బ్రేకుల మీదే పడుతుంది. కొక్కెం, పిన్ను, రక్షణగా వేసే గొలుసు మూడూ చూసుకోవాలి. పిన్నుకు బదులు ఇనుప కడ్డీ దూర్చి తోలడం చాలాచోట్ల కనిపిస్తుంది. అది ఊడితే వెనక వచ్చే మోటారు సైకిలు వాడి గతి ఏమిటో ఆలోచించాలి.

కడప నుంచి రాయచోటికి పోయే గువ్వలచెరువు ఘాటు, శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుపెట్టి కూర్చుంటే డ్రమ్ములు కాగి బ్రేకు పట్టు తప్పుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్లో జారవిడవడం ప్రాణాలతో చెలగాటం. ట్రాలీకి కూడా రిజిస్ట్రేషను నెంబరు వేరుగా ఉండాలన్న సంగతి చాలామంది మరచిపోతున్నారు.

చవకగా వచ్చే పొరుగు రాష్ట్రాల బండ్లు

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా దానిని నిలబెట్టింది. తరువాత ఆ నిబంధనలో మార్పులు జరిగినా, అక్కడి బండ్లు చవకగా దక్షిణాదికి తరలిరావడం అప్పటినుంచే మొదలైంది. అలాంటి బండికి అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చిన ఎన్‌ఓసీ ఉండాలి. ఇక్కడి పన్ను కట్టి, ఇక్కడి నెంబరు తీసుకోవాలి. ఈ ఖర్చు కలిపి చూస్తే చవక అనుకున్నది చవక కాకపోవచ్చు.

దొంగ కాగితాల ముచ్చట మన పక్కనే జరిగింది. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు అమ్మరాదని, రిజిస్టరు చేయరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా మిగిలిపోయిన లారీలను తుక్కు కింద కొని, బీఎస్-4 అని చూపి నాగాలాండులో రిజిస్టరు చేయించి, ఎన్‌ఓసీల మీద అనంతపురం జిల్లాకు తెచ్చారన్న ఆరోపణలపై 2020లో కేసులు నమోదయ్యాయి. లారీలను పట్టుకున్నారు. కోర్టులో నిజానిజాలు తేలేదాకా, అలాంటి లారీని తెలియక కొన్న మూడో మనిషి డబ్బు ఇరుక్కుపోయినట్టే.

ఏయే కాగితాలు చూడాలి?

ఆర్సీలో ఉన్న ఛాసిస్ నెంబరును, బండి మీద చెక్కిన నెంబరుతో అంకె అంకె సరిపోల్చుకోవాలి. దానిమీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకుంటే గీకి మార్చిన గుర్తులు బయటపడతాయి. 2019కి ముందు మన జిల్లాలో రిజిస్టరైన బండికి ఏపీ 04 నెంబరు ఉంటుంది. రవాణా శాఖ వారి వాహన్ పోర్టల్లో నెంబరు కొడితే పన్ను, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ గడువులు తెలుస్తాయి. పెండింగు చలానాలు కూడా ముందే చూసుకోవాలి.

ఆర్సీ మీద ఫైనాన్సు పేరు ఉంటే, అప్పు తీరినట్టు ఫైనాన్సు వారు సంతకం చేసిన 35వ నెంబరు ఫారం తీసుకోవాలి. అప్పు తీరని బండి కొంటే వాళ్లు ఎప్పుడైనా వచ్చి పట్టుకుపోవచ్చు. సరకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన పెద్ద లారీకి ఆ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 12,500 రూపాయలు చేశారు. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో ఇంకా పెంచారు. సొంత వాడకపు జీపుకు పదిహేనేళ్లు నిండగానే ఆర్సీని రెన్యువల్ చేయించాలి. బేరం కుదిరే ధరలో ఇవన్నీ లెక్కకట్టుకోవాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది పేరు మార్పు. స్టాంపు కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకొని, పాత యజమాని పేరుతోనే ఏళ్ల తరబడి తోలడం పల్లెల్లో అలవాటైపోయింది. చట్టం ప్రకారం అమ్మినవారు రాష్ట్రంలోనైతే 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. 29, 30 నెంబర్ల ఫారాలు ఇందుకే. బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుంటే వారే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అంటే ఎన్నడో అమ్ముకొని మరచిపోయిన బండి ఎవరినో గుద్దితే, నోటీసు పాత యజమాని ఇంటికే వస్తుంది. చేను అమ్మి కట్టవలసిన గతి పట్టవచ్చు.

కొన్నవారికీ చిక్కు తప్పదు. ఇన్సూరెన్సును తన పేరుకు మార్చమని 14 రోజుల్లోగా కంపెనీని కోరాలి. లేకపోతే బండికి జరిగిన నష్టానికి పైసా రాకపోవచ్చు.

తొట్టిలో తిరునాళ్ల ప్రయాణం

చివరగా అందరూ తెలిసీ చేసే తప్పు ఒకటుంది. శ్రావణ శనివారం గండికి పోయే బండ్లను చూస్తే, సామాను తొట్టిలో ఆడవాళ్లు, పిల్లలు కిక్కిరిసి కూర్చొని ఉంటారు. సరకు బండిలో ఊరకే ఎక్కిన ప్రయాణికులకు పరిహారం చెల్లించే బాధ్యత ఇన్సూరెన్సు కంపెనీకి లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులోనే తేల్చింది. చట్టం రక్షణ కల్పించేది సరకుతో పాటు వెళ్లే సరకు యజమానికి లేదా అతని మనిషికి మాత్రమే. బండి బోల్తాపడితే చనిపోయినవారి ఇంటికీ దిక్కుండదు, బండి యజమానికీ దిక్కుండదు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, చాలాసార్లు ఒకే ఇంటివాళ్లు కూడా.

అందుచేత పనికీ ప్రయాణానికీ ఒకే బండి కావాలనుకునేవారు రెండు వరుసల సీట్లున్న బండినే చూసుకోవాలి. ఆర్సీలో ఎంతమందికి సీట్లు రాశారో అంతమందే ఎక్కాలి. వెనక తొట్టి వంటపాత్రలకు, గుడారానికి, చాపలకు. మనుషులు ఎక్కువైతే బస్సు ఉండనే ఉంది. సామాను బండిలో ముందు పోతుంది, జనం బస్సులో వెనక వస్తారు. తిరునాళ్ల ఎక్కడికీ పోదు.

చేతిలో ఉన్న డబ్బంతా ధరకే పోయకుండా, మూడో వంతైనా రిపేర్లకు, పన్నులకు, ఇన్సూరెన్సుకు మిగుల్చుకోవడం తెలివైన పని. బయానా ఇచ్చేముందు తెలిసిన మెకానిక్కును వెంట తీసుకుపోవాలి. మిగతా సొమ్ము రవాణా కార్యాలయం దగ్గర ఫారాల మీద సంతకాలు పూర్తయ్యాకే ఇవ్వాలి. బేరం రెండు రోజులు ఆలస్యమైతే నష్టమేమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు.