రాజభవనాలలో బస

వికారాబాదు అన్న పేరు వినగానే, తెలుగు మాత్రమే తెలిసిన పొరుగూరి వారు లోలోపల నవ్వుకుంటారు. వికారం అన్న మాటకు మనకున్న అర్థం అటువంటిది. ఉర్దూ విభాగపు మిత్రులకు ఆ నవ్వు బోధపడదు. వారి భాషలో ‘వికార్’ అనగా గౌరవం, గాంభీర్యం, హుందాతనం. ఒకే ధ్వని రెండు భాషలలో రెండు దిక్కులకు పోవడం మన కళాశాల వంటి చోట దినమూ చూసేదే గనుక, దానిని అక్కడికే వదలి అసలు సంగతికి వస్తాను.

ఈ పట్టణానికి పేరిచ్చిన వ్యక్తి నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా. పైగా వంశీయుడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సోదరిని వివాహమాడిన వాడు. 1893 నుండి 1901 వరకు హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రిగా ఉండి, 1902లో మరణించాడు. ఆయనకు ఇల్లు కట్టడమంటే వ్యసనమని చెప్పవచ్చు. బేగంపేటలోని పైగా ప్యాలెస్ ఆయనదే. 2008 నుండి 2023 వరకు అందులో అమెరికా కాన్సులేటు నడిచింది. స్పెయిన్ దేశపు కట్టడాలను చూచి ముచ్చటపడి ఆయన తలపెట్టిన మసీదు ఇక్బాలుద్దౌలాను నేటికీ జనం స్పానిష్ మసీదు అనే పిలుస్తారు. వీటన్నిటినీ మించినది ఫలక్‌నుమా. చార్మినారుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరాన, ఒక గుట్ట శిఖరం మీద, 1884లో పునాది వేసి దాదాపు తొమ్మిదేళ్ళు కట్టించాడు. ‘ఫలక్’ అనగా ఆకాశం, ‘నుమా’ అనగా పోలినది, చూపునది. ఇటాలియన్ చలువరాయి, రంగుటద్దాల కిటికీలు, పైనుండి చూస్తే రెండు రెక్కలు చాచిన తేలు ఆకారం. నలభై లక్షల రూపాయలు ఖర్చయిందనీ, ఆ అప్పు నవాబును కుంగదీసిందనీ చెప్పుకుంటారు. 1897 ప్రాంతంలో అది నిజాం వశమైంది. మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్ను మూసింది కూడా అక్కడే.

మన ఊరి పేరుగల పెద్దమనిషి కట్టిన ఆ ఇల్లు ఇప్పుడు హోటలు. 2010 నవంబరులో తాజ్ హోటళ్ళ సంస్థ దానిని అతిథులకు తెరచింది. గదులు 60. ఒక రాత్రి అద్దె సామాన్య ఉద్యోగి నెల జీతానికి సమానంగానో, అంతకు మించియో ఉంటుంది. కనుక ఈ వ్యాసం చదివిన వారందరూ వెళ్ళి అక్కడ బస చేస్తారని నేను భ్రమపడుట లేదు. అటువంటి హోటలు అనగా ఏమి, అది ఎట్లా పుట్టింది, నకిలీ నుండి అసలును ఎట్లా గుర్తించాలి, దాని వలన ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది మాత్రం మనకు తెలిసి ఉండవలసిన విషయం. ఎందుకో చివరికి విన్నవిస్తాను.

బాటసారికి నీడ ఇవ్వడం దక్కనుకు కొత్త కాదు. గోలకొండ సుల్తానుల నాటి షేక్‌పేట సరాయి నేటికీ నిలిచి ఉన్నది. రెండంతస్తుల గదుల వరుసలు, ప్రార్థనకు మసీదు, గుర్రాలకూ ఒంటెలకూ సాలలు. వర్తకుల బిడారులు దిగిన చోటు కార్వాన్ అన్న పేరుతోనే పేటగా మిగిలింది. మన పల్లెలలో సత్రాలు, చావడులు ఉండేవి. రైలు వచ్చాక నాంపల్లి స్టేషను సమీపాన బాటసారుల కోసం సరాయి వెలసింది. కాని వీటికీ నేటి వారసత్వ హోటలుకూ ఒక మౌలికమైన భేదమున్నది. సరాయి బాటసారి కోసమే పుట్టిన కట్టడం. వారసత్వ హోటలు మరెవరి కాపురం కోసమో పుట్టి, ఆ కాపురం ముగిసిన తరువాత బాటసారికి అద్దెకు వచ్చిన ఇల్లు.

ఆ కాపురాలు ఎందుకు ముగిశాయి? సంస్థానాలు భారతదేశంలో విలీనమైన పిమ్మట రాజులకు రాజభరణాలు మిగిలాయి. 1971లో రాజ్యాంగ 26వ సవరణతో అవీ రద్దయ్యాయి. వందల గదుల భవనానికి కప్పు మరమ్మతు, సున్నం, నౌకర్ల జీతాలు ప్రతి ఏడూ కావలసిందే. ఆదాయం లేని ఇంటికి వానాకాలమే శత్రువు. దూరదృష్టి గల కొందరు ముందే మేలుకున్నారు. జైపూరులోని రాంబాగ్ ప్యాలెస్ 1957లోనే హోటలైంది. ఉదయపూరులో సరస్సు నడుమనున్న జగనివాస్ 1963లో ఆ బాట పట్టింది. హైదరాబాదులో ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. ఫలక్‌నుమాలో 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు బస చేసిన తరువాత అది చాలా కాలం మూతబడే ఉన్నది. 2000 సంవత్సరం తరువాత, రాకుమారి ఎస్రా పూనికతో, దాని పునరుద్ధరణ మొదలై దాదాపు పదేళ్ళు సాగింది.

పదేళ్ళెందుకన్న ప్రశ్న సహజం. పాత ఇల్లు సున్నపు ఇల్లు. డంగు సున్నం, అంటే గానుగలో ఇసుకతో కలిపి నలిపిన సున్నం, కరక్కాయ నీరు, బెల్లం చేర్చి పట్టిన గచ్చు, సిమెంటు వలె బిగుసుకుపోదు. అది తేమను పీల్చి వదలుతుంది. దానిపై తొందరపాటున సిమెంటు పూస్తే, లోపలి తేమ బయటికి పోలేక గోడ లోలోపలే పొట్టు రాలి, రెండు మూడు వానాకాలాలలో పెచ్చులూడుతుంది. ఇక ఆ గోడలలో నీటి గొట్టాలు, విద్యుత్ తీగలు, శీతలీకరణ యంత్రాలు దూర్చాలి, దూర్చినట్టు కనబడరాదు. గదికో స్నానశాల కావాలి. నవాబుల కాలంలో గదికో స్నానశాల ఉండేది కాదు. చిత్రించిన కప్పులను అంగుళం అంగుళం శుభ్రపరచాలి. కొత్త హోటలు కట్టడం దీనికంటే సులభమని మేస్త్రీలెవరైనా ఒప్పుకుంటారు.

భారత ప్రభుత్వ పర్యాటక శాఖ ఇటువంటి హోటళ్ళకు ప్రత్యేక వర్గీకరణ ఏర్పరచింది. కోట, రాజభవనం, హవేలీ, వేటబంగళా, నివాసగృహం, ఏదైనా కావచ్చు. 1950కి పూర్వం కట్టినదై ఉండాలి. బయటి రూపమూ లోపలి వాతావరణమూ ఆ ప్రాంతపు సంప్రదాయ జీవితానికి అనుగుణంగా ఉండాలి. ప్రాచీనతను, వసతులను బట్టి హెరిటేజ్, హెరిటేజ్ క్లాసిక్, హెరిటేజ్ గ్రాండ్ అని మూడు తరగతులు. ఈ మూడింటిలో దేనికీ చెందకుండా, నిన్న కట్టిన ఇంటికి నేడు కమానులు తగిలించి ‘హెరిటేజ్ తరహా’ అని పేరు పెట్టుకునేవి మరొక జాతి. బల్లకట్టు మీద రాసిన ‘తరహా’ అన్న ఆ చిన్న మాటలోనే గుట్టంతా ఉన్నది.

ఫలక్‌నుమాకు అతిథి వస్తే, గుట్ట మీది ద్వారం వద్ద మోటారు దించి గుర్రపు బగ్గీలో ఎక్కిస్తారు. మెట్ల దగ్గర పన్నీరు, పూల రేకులు. సాయంత్రం ఖవ్వాలీ వినిపిస్తుంది. భోజనశాలలో 101 మంది ఒక్క వరుసన కూర్చోదగిన మేజా ఉన్నది. ఈ చివర మాట్లాడినది ఆ చివరికి వినబడేటట్లు ఆ గది నిర్మాణం ఉన్నదంటారు. 2017 నవంబరులో హైదరాబాదులో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు వచ్చిన అతిథులకు ప్రధానమంత్రి విందు ఇచ్చింది అక్కడే. గ్రంథాలయం ఇంగ్లండులోని విండ్సర్ కోటలోని గ్రంథాలయానికి నమూనా. దాని అక్రోటు కొయ్య కప్పును చూచి తీరవలసిందే. ఎత్తైన కప్పులు, మందపు గోడలు, లోతైన వరండాలు కేవలం దర్పం కోసం పుట్టినవి కావు. వేడిగాలి పైకి పోయి పై కిటికీల గుండా వెలువడుతుంది. వరండా ఎండను గోడ వరకు రానివ్వదు. విద్యుత్ పంకాలు లేని దక్కను వేసవికి అదే ఉపాయం. ఆ ఉపాయాన్ని మన తాతల మిద్దెలు కూడా ఎరుగుదురు.

నకిలీ సంగతి చెప్పడానికి నా అనుభవం ఒకటి పనికివస్తుంది. ఒకప్పుడు నగరంలో, పేరు చెప్పనక్కరలేని ఒక ‘హెరిటేజ్ తరహా’ హోటలులో రెండు రాత్రులు ఉండవలసి వచ్చింది. స్తంభాలు గంభీరంగా ఉన్నాయి. వ్రేలితో తట్టితే డొల్ల మోత! లోపల ఇనుప గొట్టం, పైన ప్లాస్టర్. వరండాలోని నీలిరాతి నేలను చూపి అక్కడి ఉద్యోగి, “ఇది నిజాం కాలంనాటి నేల, సాబ్” అన్నాడు. తాండూరులో పెరిగిన వాణ్ణి నేను. యంత్రంతో కోసిన అంచు ఎట్లా ఉంటుందో, ఉలితో చెక్కిన అంచు ఎట్లా ఉంటుందో చిన్నతనం నుండి చూచిన వాణ్ణి. పాత షాబాదు బండలు గనిలో పొర పొరగా లేచినవి లేచినట్లే పరచి, అంచులు మాత్రం చేతితో సరిచేసేవారు. అందుచేత ముఖాన చిన్న చిన్న మెరకలు, పల్లాలు ఉంటాయి, రెండు బండల నడుమ సందు వెడల్పుగా ఉంటుంది. అక్కడున్నవి తాండూరు పాలిషింగు యూనిట్లలో నున్నగా తేలిన పలకలు, వెంట్రుకంత సందుతో పరచినవి. ఆ కుర్రవాణ్ణి చిన్నబుచ్చడం ఇష్టం లేక, “బండ మాత్రం మంచిది, మా ఊరిది” అని ఊరుకున్నాను. అది నిజమే గదా.

ఇంతకూ భవనం హోటలు కావడం మేలా, కీడా? నా మనసు రెండు వైపులా లాగుతుంది. హోటలు కాకపోతే ఫలక్‌నుమా కప్పు నేటికి ఏమై ఉండేదో ఊహించవచ్చు. కాని హోటలైనంత మాత్రాన భవనం బతుకుతుందన్న భరోసా లేదు. నౌబత్ పహాడ్ దగ్గర సర్ నిజామత్ జంగ్ 1915లో కట్టించిన హిల్ ఫోర్ట్ ప్యాలెస్ 1955 నుండి దశాబ్దాల తరబడి రిట్జ్ హోటలుగా వెలిగింది. ఆ శతాబ్దం చివరలో హోటలు మూతబడింది. పిమ్మట తాళం పడిన ఇల్లు శిథిలమై, దాని రక్షణకై పౌరులు న్యాయస్థానం మెట్లెక్కవలసి వచ్చింది. అద్దె వచ్చినన్నాళ్ళే అది ఇల్లు. దీనికి భిన్నంగా చౌమహల్లా ప్యాలెస్ మ్యూజియంగా 2005లో తెరుచుకున్నది. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం పొందింది. అక్కడ టిక్కెట్టు కొన్న ప్రతి బాలుడూ దర్బారు హాలులో నిలబడి తలెత్తి దీపాల గుత్తులను చూడగలడు. ఫలక్‌నుమా ద్వారం వద్ద ఆ బాలుడు నిలబడితే కాపలాదారు పలకరింపు వేరుగా ఉంటుంది. భవనాన్ని డబ్బు రక్షించినది నిజం. ఆ డబ్బే గోడ కూడా కట్టినది. ఈ రెండు నిజాలనూ ఒకేసారి ఒప్పుకోవడం తప్ప నాకు దారి తోచదు.

ఇక, ఇది మనకెందుకన్న మాట. వికారాబాదు 2016లో జిల్లా కేంద్రమైంది. అనంతగిరి కొండలకు సెలవు దినాలలో నగరం నుండి వచ్చే మోటార్ల సంఖ్య ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాము. మూసీ పుట్టే చోటు, పద్మనాభస్వామి గుడి, అడవి గాలి వారిని లాగుతున్నాయి. వారికి బసలు కావాలి, బసలు లేస్తున్నాయి, వాటిలో ‘తరహా’ బాపతువి ఎక్కువ. మరోవంక మన రెండు పట్టణాలలోనూ, చుట్టుపట్ల పల్లెలలోనూ డంగు సున్నపు మిద్దెలు, దేవిడీలు, గడీలు ఒక్కటొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. తాండూరు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోనిది. అక్కడి పాత ఇళ్ళలో కన్నడ, తెలుగు, ఉర్దూ మూడు పోకడలూ కలిసి కనబడతాయి. ఇల్లు కూల్చిన మరునాడే టేకు వాకిలినీ, చెక్కిన స్తంభాలనూ కొని లారీకెక్కించే వ్యాపారులు సిద్ధం. అవి పోయి ఏ కొత్త హోటలు గుమ్మానికో అలంకారమవుతాయి. తాత కట్టిన వాకిలి గుండా మనవడు అద్దె చెల్లించి ప్రవేశించే దినం వస్తుందేమో!

అసలైన పాత ఇల్లు ఒక్కటి, ఐదారు గదులది, యజమాని చేతిలోనే ఉండి, అతిథులకు తెరిస్తే, వాకిలి లారీ ఎక్కనక్కరలేదు. వంటకు మన జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు చాలు. 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ఏ ఇల్లు నిలబెట్టదగినదో ముందు తెలియాలి. అందుకు కళాశాల పాలకవర్గం వారికి నా మనవి ఒక్కటే: ఈ సంవత్సరం ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులను జంటలుగా పంపి, రెండు పట్టణాలలోని పాత ఇళ్ళ జాబితా రాయించండి. గుమ్మం పైనున్న ఉర్దూ, పారసీ అక్షరాలను ఒకరు చదివితే, ఇంటి ముసలమ్మ చెప్పే తెలుగు కథను మరొకరు రాసుకుంటారు. కట్టిన సంవత్సరం, గోడ మందం, కప్పు రకం, ఎవరు ఉంటున్నారు, ఎంత పాడైంది, ఇంత చాలు. ఖర్చు రెండు నోటు పుస్తకాలు.

ఫలక్‌నుమాను దూరం నుండైనా చూడగోరే వారికి దారి సులభం. లింగంపల్లి దాకా మన లైను రైలు. అక్కడ దిగి ఎం.ఎం.టి.ఎస్. ఎక్కితే ఫలక్‌నుమా అన్న పేరుగల స్టేషనే ఉన్నది. పోయినప్పుడు గుట్ట కింద నిలబడి పైకి చూడండి. సాయంత్రపు వేళ అయితే ఇంకా మంచిది; దీపాలు వెలిగినపుడు నవాబు ఆ పేరు ఎందుకు పెట్టాడో తెలుస్తుంది.